ఇల్లంతా పట్టే కటకం

(మా ఊరి తెలుగు రేడియోలో ఆదివారం ఉదయం ప్రసారమైన ప్రసంగానికి అక్షరరూపం.)



ఈ కార్యక్రమం నడిపే అక్కగారు నన్ను పట్టుకున్నది మొన్న ఉగాది పచ్చడి దగ్గర. "ప్రతి ఫంక్షనుకీ ఆ పాత కెమెరా మెళ్ళో వేసుకుని తిరుగుతావు కదా, దాని గురించి ఒక అరగంట మాట్లాడు" అన్నారు. అరగంట మాట్లాడమంటే నేను మూడు గంటలు మాట్లాడతానని మా ఆవిడ అప్పుడే హెచ్చరించింది. అందుకని కెమెరాల గురించంతా కాకుండా ఒకే ఒక్క విషయం చెబుతాను. రేంజ్‌ఫైండర్ కెమెరాకి వైడ్ యాంగిల్ లెన్సు ఎంచుకోవడం ఎలాగా అని. వినగానే "ఇదేం గొడవ, ఫోను ఉందిగా" అనుకునేవాళ్ళు ఉంటారు. మా నాన్నా అదే అన్నారు. నాకు ఆ లెన్సు ఎందుకు కావలసి వచ్చిందో చెబితే మీకే తెలుస్తుంది.

నేను కన్సల్టెంట్‌ని. సోమవారం పొద్దున్నే విమానం, గురువారం రాత్రి తిరుగు విమానం. చిన్న సంచీలో పట్టే కెమెరా కావాలని 2017లో పాతదొకటి కొన్నాను. బెస్సా ఆర్2ఏ. జపాన్‌లో కొసీనా అనే కంపెనీ ఫోక్ట్‌లాండర్ పేరుతో చేసేది. బెస్సా కెమెరాల తయారీ 2015లోనే ఆగిపోయింది, కాబట్టి ఇప్పుడు ఎవరు కొన్నా పాతదే కొనాలి. దాంతో పాటు 50 మిల్లీమీటర్ల లెన్సు వచ్చింది. చాలు అనుకున్నాను. కార్టియే బ్రెసాన్ అంతటివాడు జీవితమంతా ఎక్కువగా 50తోనే లాగించాడు కదా, మనమెంత!

ముందు రేంజ్‌ఫైండర్ అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెప్పేస్తాను. మామూలు ఎస్సెల్లార్ కెమెరాలో మనం లెన్సులోంచే చూస్తాం. లోపల ఒక అద్దం ఉంటుంది, అది బొమ్మని కంటికి చేరుస్తుంది, మీట నొక్కగానే పైకి లేస్తుంది. రేంజ్‌ఫైండర్‌లో ఆ అద్దం లేదు. లెన్సుకి పైన, పక్కగా ఒక చిన్న కిటికీ ఉంటుంది, మనం అందులోంచి చూస్తాం. ఇంకాస్త దూరంలో రెండో కిటికీ. ఆ రెండో కిటికీలోంచి వచ్చే బొమ్మ, మొదటి బొమ్మ మధ్యలో చిన్న చదరంలా కనిపిస్తుంది. లెన్సు తిప్పుతూ ఉంటే ఆ రెండు బొమ్మలూ దగ్గరికొస్తాయి. రెండూ ఒకటైతే ఫోకస్ కుదిరినట్టు. మన రెండు కళ్ళు దూరాన్ని కొలిచే పద్ధతే ఇది. లెన్సు ఎంత మేర పడుతుందో చెప్పడానికి ఆ కిటికీలో తెల్లటి గీతలు వెలుగుతుంటాయి. 50కి ఒక చట్రం, 35కి ఇంకొంచెం పెద్ద చట్రం, అలాగ.

ఇక్కడ ఒక గమ్మత్తు ఉంది. లెన్సు ఏది మార్చినా కిటికీలో కనిపించే దృశ్యం మారదు, గీతలే మారతాయి. లెన్సుకి మూత పెట్టి ఉన్నా కిటికీలో లోకమంతా చక్కగా కనిపిస్తూనే ఉంటుంది. దీని సంగతి మళ్ళీ చెబుతాను.

2019 సంక్రాంతికి కోనసీమలో మా తాతయ్యగారి ఇంటికి వెళ్ళాం. మండువా లోగిలి. ఇక్కడ పుట్టిన పిల్లలు వింటుంటే వాళ్ళకోసం చెబుతున్నాను: నాలుగు పక్కలా వసారాలు, మధ్యలో ఆకాశం కనిపించే చదరపు వాకిలి, వాన పడితే నాలుగు వైపులనించీ పెంకుల మీది నీళ్ళు ఆ మధ్యలోకే వచ్చి పడతాయి. ఆ రోజు ఇంట్లో ఇరవై ముగ్గురం ఉన్నాం. భోజనాలయ్యాక అందర్నీ తూర్పు వసారాలో నిలబెట్టి నేను ఎదురుగా నుంచున్నాను. వెనక్కి వెళ్దామంటే కొత్త ధాన్యం బస్తాలు గోడ కట్టినట్టున్నాయి. వాటికి వీపు ఆనించి చూస్తే 50 గీతల్లో సగం మందే పట్టారు. "దగ్గరికి జరగండి, ఇంకా జరగండి" అని అరిచి అరిచి, మూడు వరసలు చేసి, ఎలాగో నొక్కేశాను.

ఇక్కడికొచ్చి ఫిల్మ్ కడిగిస్తే, తాతయ్య మధ్యలో పడక కుర్చీలో దర్జాగా ఉన్నారు. ఎడమ చివర మామ్మ. అంటే మామ్మ భుజమూ, చీర కొంగూ. మొహం లేదు.

"పోన్లే, మళ్ళీ వచ్చినప్పుడు తీద్దువుగానిలే" అంది మామ్మ ఫోన్లో. మళ్ళీ వెళ్ళేలోగా కోవిడ్ వచ్చింది. వీసా స్టాంపింగ్ అపాయింట్‌మెంట్లు లేవు, వెళితే తిరిగి రాగలమో లేదో తెలియదు. మీలో చాలామందికి ఆ రోజులు నేను చెప్పక్కర్లేదు. 2021 మే నెలలో తాతయ్య పోయారు. నేను లాప్‌టాప్ తెర మీద చూశాను. అరవై రెండేళ్ళు కాపరం చేసిన ఇద్దరూ, పిల్లలూ మనవలూ అందరితో కలిసి ఉండవలసిన చివరి ఫొటోలో ఒకరికి మొహం లేదు. ఆ తప్పు పూర్తిగా నాది.

2022లో పెదనాన్న ఫోన్ చేసి, ఇల్లు అమ్మేస్తున్నామనీ, వచ్చే సంక్రాంతే ఆ ఇంట్లో ఆఖరి పండగనీ, ఎలాగైనా రమ్మనీ చెప్పారు. అప్పుడు మొదలుపెట్టాను లెన్సు వెతుకులాట.

అందరిలాగే నేనూ ముందు చేసిన పని, ఇంటర్నెట్‌లో ఏది గొప్ప లెన్సో చదవడం. రెండు వారాలు నిద్ర పాడుచేసుకున్నాక తెలిసింది, అది తప్పుడు ప్రశ్న అని. పెళ్ళిచూపులకి వెళ్ళేముందు అసలు పెళ్ళి ఎవరికో తేల్చుకోవాలి కదా! కాగితం, పెన్సిలు తీసుకుంటే అయిదు నిమిషాల్లో తేలిపోయే లెక్క ఇది. మీరూ రాసుకోండి.

ఫిల్మ్ మీద బొమ్మ వెడల్పు 36 మిల్లీమీటర్లు. ఆ 36ని లెన్సు సంఖ్యతో భాగించండి, వచ్చినదాన్ని మీకూ మనుషులకీ మధ్యనున్న దూరంతో గుణించండి. ఎంత వెడల్పు పడుతుందో వచ్చేస్తుంది. 35 లెన్సుకి ఇది మరీ సులువు, ఎంత దూరంలో నుంచుంటే దాదాపు అంత వెడల్పు. పది అడుగుల దూరానికి పదడుగుల చిల్లర.

బాబాయికి ఫోన్ చేసి టేపు పట్టుకుని వసారా కొలవమన్నాను. "ఇల్లు కొనేవాడు కూడా ఇంతలా కొలవలేదురా" అని విసుక్కుంటూనే కొలిచారు. మనుషులు నుంచునే చోటు పధ్నాలుగు అడుగుల వెడల్పు. నేను నుంచోగలిగేది పన్నెండు అడుగుల దూరంలో. ఇప్పుడు లెక్క చూడండి. 50 లెన్సుతో ఎనిమిదిన్నర అడుగులు పడుతుంది, మామ్మ మొహం ఎందుకు పోయిందో అర్థమైంది కదా. 35తో పన్నెండడుగుల పైన కొద్దిగా. 28తో పదిహేనున్నర చేరువలో. 21తో ఇరవై అడుగులు దాటుతుంది. అంటే నాకు కావలసింది 28. రెండు వారాలు చదివినా దొరకని జవాబు బాబాయి టేపుతో దొరికింది.

కానీ ఉన్నది చెప్పొద్దూ, మనసు ఊరుకోదు. 21 అయితే ఇంకా సుఖం కదా, ఇల్లంతా వచ్చేస్తుంది కదా అని పీకింది. ఇక్కడే ఉన్న ఒక మిత్రుడి దగ్గర 21 అరువు తెచ్చి, ఒక పాట్‌లక్ భోజనంలో గ్రూపు ఫొటో తీశాను. ప్రింట్లు చూసి చివర నుంచున్నాయన నాతో నెల్లాళ్ళు సరిగా మాట్లాడలేదు. ఆయన తల గుమ్మడికాయలాగా అడ్డంగా సాగిపోయింది. లెన్సు లోపం కాదది. గుండ్రటి వస్తువుని పక్కనుంచి వచ్చే కాంతితో చదునైన ఫిల్మ్ మీద పరిస్తే సాగి తీరుతుంది. సాయంత్రం పూట నీడ పొడుగైనట్టు. ఎంత సాగుతుందో కూడా లెక్క కట్టొచ్చు. ఫొటో అంచున ఉన్న తల, 21తో అయితే దాదాపు మూడో వంతు అదనంగా వెడల్పవుతుంది. 28తో అయిదో వంతు. 35తో ఎనిమిదో వంతు. 15 మిల్లీమీటర్ల లెన్సులు కూడా ఉన్నాయి. కొసీనా వాళ్ళు 1999లో బెస్సా ఎల్ అనే కెమెరాతో పాటే ఒకటి తెచ్చారు. గుడి గోపురాలకీ, కొండలకీ బ్రహ్మాండంగా ఉంటుంది. మేనత్తల్ని మాత్రం దానితో తీయకండి, రాకపోకలు తెగిపోతాయి.

కాబట్టి మనుషుల కోసం అయితే 35 గానీ 28 గానీ. ఒక్కటే వైడ్ లెన్సు కొంటాను, దేనికైనా పనికిరావాలి అనేవాళ్ళకి నేను 35 అనే చెబుతాను. దాని గీతలు దాదాపు అన్ని కెమెరాల్లోనూ ఉంటాయి. అన్నీ అని ఎందుకు అనలేదంటే, 1954లో వచ్చిన లైకా ఎం3లో 35 గీత లేదు, 50 నుంచే మొదలు. 35 గీతతో ఎం2 తరవాత కొన్నాళ్ళకి వచ్చింది. ఇక 28 గీత లైకాలో రావడానికి ఎం4-పి దాకా ఆగాల్సి వచ్చింది. మీ మామగారి లైకా ఏదైనా అటక మీద ఉంటే ముందు అది ఏ మోడలో చూసుకోండి. గ్యారీ వినోగ్రాండ్ న్యూయార్క్ వీధుల్లో 28తోనే వేలకొద్దీ ఫొటోలు తీశాడు. ఆ ఫొటోల్లో గుంపు మధ్యలో మనమే నుంచున్నట్టుంటుంది. దగ్గరికి వెళ్ళే ధైర్యం ఉన్నవాళ్ళకి 28. మొహమాటస్థులకి 35.

నా బెస్సాలో ఉన్న గీతలు 35, 50, 75, 90. 28 లేదు. ఇదొక పెద్ద చిక్కు. దానికి మందు, విడిగా అమ్మే చిన్న వ్యూఫైండర్. కెమెరా నెత్తి మీద ఫ్లాష్ తగిలించే చోట దాన్ని దూరుస్తాం. ఫోకస్ కింది కిటికీలో చూసుకోవాలి, ఎవరెవరు పట్టారో పై కిటికీలో చూసుకోవాలి. మొదట్లో చిరాగ్గా ఉంటుంది. వారం రోజులకి అలవాటవుతుంది. కానీ మూడు సంగతులు మాత్రం ముందే తెలుసుకుని ఉండాలి. ఫైండర్ పెట్టాక ఫ్లాష్ పెట్టడానికి చోటుండదు. ఫైండర్ లెన్సుకి చాలా పైన ఉంటుంది కాబట్టి, దగ్గరి మనుషుల్ని తీసేటప్పుడు మనకి తలలు కనిపిస్తాయి గానీ లెన్సుకి కనిపించవు. అందుకని నెత్తి మీద కాస్త ఎక్కువ ఖాళీ వదలాలి. మూడోది కళ్ళజోడు వాళ్ళకి. కెమెరాలోనే 28 గీత ఉన్నా, జోడు పెట్టుకుంటే కన్ను వెనక్కి ఉండిపోయి ఆ గీతల చివర్లు కనిపించవు. నాలాంటి సోడాబుడ్డి వాళ్ళకి విడి ఫైండరే మేలు. బెస్సా ఆర్4 అని 21 దాకా గీతలున్న కెమెరా ఒకటి ఉండేది. ఇప్పుడది దొరికినా నా బోనసు మొత్తం దానికే పోతుంది.

ఇంతకీ అద్దం లేని కెమెరాకి వైడ్ లెన్సులు బాగుంటాయని ఎందుకంటారు? ఇది నాకు చాలా ఇష్టమైన భాగం, కాస్త ఓపిగ్గా వినండి. లెన్సు బిగించే చోటునుంచి ఫిల్మ్ దాకా ఉన్న దూరం లైకా పద్ధతి కెమెరాల్లో 27.8 మిల్లీమీటర్లు. నైకాన్ ఎస్సెల్లార్‌లో అది 46.5. మధ్యలో అద్దం ఆడాలి కదా మరి. తొమ్మిదో క్లాసులో కటకాలు చదువుకున్నాం, గుర్తుందా? నాభ్యంతరం 28 అంటే కటకం ఫిల్మ్‌కి 28 మిల్లీమీటర్ల దూరంలో కూర్చోవాలని సుమారుగా అర్థం. ఎస్సెల్లార్‌లో అక్కడ అద్దం ఉంది, కూర్చోనివ్వదు. అందుకని ముందుపక్క ఒక పెద్ద పుటాకార కటకం పెట్టి, లెన్సుని దూరంగా ఉంచి కూడా బొమ్మ పడేటట్టు చేయాల్సి వచ్చింది. 1950లో ఫ్రాన్సులో ఆంజెన్యూ కంపెనీ ఇలాంటిది చేసి దానికి రెట్రోఫోకస్ అని పేరు పెట్టింది. చక్కటి ఉపాయమే గానీ లెన్సు లావైంది, బరువెక్కింది, తిన్నటి గీతలు అంచుల్లో వంకర పోవడం మొదలెట్టాయి. రేంజ్‌ఫైండర్‌కి ఆ తిప్పలు లేవు. లెన్సు వెనక భాగం ఫిల్మ్ దగ్గరదాకా వెళ్ళి కూర్చోవచ్చు. ముందు వెనకలు ఒకే తీరుగా అమర్చవచ్చు. అందుకే చిన్నగా, తేలిగ్గా ఉంటాయి, స్తంభాలు స్తంభాల్లాగే పడతాయి. మండువా ఇంటికి ఇంతకంటే ఏం కావాలి?

అయితే ఆ వెనక భాగమే ఒక్కోసారి కొంప ముంచుతుంది. జైస్ వాళ్ళ బియోగాన్ అని 35 లెన్సు యుద్ధానికి ముందు వచ్చింది. దాన్ని చూసి రష్యన్లు జూపిటర్-12 చేశారు. చవగ్గా దొరుకుతుంది కాబట్టి కుర్రాళ్ళు ఎగబడి కొంటారు. దాని వెనక గాజు బుడిపెలా ఎంత పొడుచుకొస్తుందంటే, కొన్ని కెమెరాల్లో లోపలి భాగాలకి తగులుతుంది. అపర్చర్ తిప్పాలంటే ముందునుంచి నూతిలో చేద వేసినట్టు వేలు లోపలికి పెట్టాలి. నేను దాని జోలికి పోలేదు.

డిజిటల్ రేంజ్‌ఫైండర్ ఉన్నవాళ్ళకి ఒక్క మాట. 2006లో వచ్చిన లైకా ఎం8లో సెన్సారు ఫిల్మ్ కంటే చిన్నది, దానిలో 28 పెడితే 37లాగా పనిచేస్తుంది. 2009లో ఎం9తో పూర్తి సైజు సెన్సారు వచ్చింది. కానీ వెనక భాగం లోపలికి దిగే పాత లెన్సులు పెడితే అంచుల్లో ఎర్రటి రంగు పాకేది. ఫిల్మ్‌కి కాంతి ఎంత ఏటవాలుగా వచ్చినా పట్టింపు లేదు, సెన్సారుకి ఉంది. ఇప్పటి ఎం11 లాంటివాటిలో ఈ బాధ చాలా తగ్గింది. అడాప్టర్ పెట్టి మామూలు మిర్రర్‌లెస్ కెమెరా మీద ఈ లెన్సులు వాడదామనుకునేవాళ్ళు మాత్రం కొనేముందు ఒకసారి అరువు తెచ్చి అంచులు చూసుకోండి. వాటి సెన్సారు మీది గాజు మందంగా ఉంటుంది, మూలలు మసకబారతాయి.

తరవాతి ప్రశ్న, ఎంత వెలుగు పట్టే లెన్సు కొనాలి. ఎఫ్ 1.4, ఎఫ్ 2 అంటూ ఉంటాయి, అంకె తగ్గేకొద్దీ ధర పెరుగుతుంది. మనవాళ్ళకి ఇంజను ఎన్ని సీసీలని అడగడం ఎలా అలవాటో ఇదీ అంతే. నేను అడిగేది ఒకటే, మీరు తీసేది ఏమిటి? మూడు వరసల మనుషుల్ని తీయాలంటే ఎఫ్ 1.4 పెడితే ముందు వరస స్పష్టంగా ఉంటుంది, వెనక వరస బంధువులు మబ్బులో ఉంటారు. ఎలాగూ ఎఫ్ 8 దాకా మూయాల్సిందే. 28 లెన్సుని ఎఫ్ 8లో పెట్టి, ఫోకస్ మూడు మీటర్ల పైచిలుకు దగ్గర ఉంచితే, మీటరున్నర పైన కొద్దిగా మొదలుకుని అంతం లేని దూరం దాకా అన్నీ స్పష్టంగానే ఉంటాయి. ఈ లెక్క లెన్సు మీదే గీతలుగా చెక్కి ఉంటుంది. అదే 35తో అయితే ఫోకస్ అయిదు మీటర్ల దగ్గర పెట్టాలి, స్పష్టత రెండున్నర మీటర్ల నుంచి మొదలవుతుంది. పైగా రేంజ్‌ఫైండర్‌లో అద్దం కొట్టుకునే అదురు లేదు, 28తో సెకనులో ముప్ఫయ్యో వంతుకి కూడా చెయ్యి ఆపుకోవచ్చు. రాత్రి దీపాల వెలుగులో తీసేవాళ్ళయితే ఎఫ్ 2 కొనుక్కోండి, కాదనను. నాకు ఎఫ్ 3.5 సరిపోయింది.

అలా చివరికి కొన్నది ఫోక్ట్‌లాండర్ కలర్ స్కోపార్ 28, ఎఫ్ 3.5. కొత్తది రావడం మానేసి చాలా ఏళ్ళయింది. మర బిగించే పాత పద్ధతి లెన్సు, ఎం కెమెరాకి తగిలించాలంటే మధ్యలో సన్నటి అడాప్టర్ రింగు కావాలి. ఈ రింగుల్లో 28కీ 90కీ ఒకటి, 35కీ 135కీ ఒకటి, 50కీ 75కీ ఒకటి ఉంటాయి. లైకాలో రింగుని బట్టి గీతలు వెలుగుతాయి కాబట్టి సరైనది చూసి కొనాలి. బెస్సాలో గీతలు చేత్తో మార్చుకునే మీట ఉంది, ఏ రింగైనా ఒకటే. పాత లెన్సు కొనేటప్పుడు వెనకనుంచి టార్చి వేసి చూడండి. సాలెగూడు లాంటి పోగులు కనిపిస్తే అది ఫంగస్, వదిలేయండి. మన ఊళ్ళో వానాకాలం బీరువాలో పెట్టిన లెన్సులన్నిటికీ పట్టేది అదే. కొత్తవి కావాలంటే ఫోక్ట్‌లాండర్ పేరుతో ఎం మౌంటులో 28లూ 35లూ ఇప్పటికీ వస్తున్నాయి. చైనా కంపెనీలు టీటీఆర్టిసాన్, సెవెన్ఆర్టిసాన్స్ కూడా చేస్తున్నాయి. లైకావి మాత్రం నేను కిటికీ అద్దంలోంచే చూశాను.

ఊరికి వెళ్ళేముందు రిహార్సల్ కావాలి కదా. ఇక్కడే ఒక మిత్రుడి గృహప్రవేశానికి తీసుకెళ్ళాను. వెలుగు అంతటా ఒకేలా ఉందని షట్టరు చేత్తో అరవయ్యో వంతుకి పెట్టేసుకుని, పై ఫైండర్‌లో చూస్తూ పాలు పొంగించడం, గోవు బొమ్మ, వ్రతం, అన్నీ తీశాను. రోలు సగంలో ఒక బాబు వచ్చి "అంకుల్, దానికి మూత ఉంది" అన్నాడు. పధ్నాలుగు ఫొటోలు పోయాయి. నెగటివ్ మీద గాజులా తెల్లగా, ఏమీ లేదు. ఆ మిత్రుడికి ఇన్నాళ్ళూ "ఫిల్మ్ పాడయింది" అని చెప్పాను. ఈ ప్రోగ్రాం వింటూ ఉంటే, క్షమించు నాయనా.

2023 జనవరిలో బయల్దేరాను. ఫిల్మ్ పట్టుకుని ప్రయాణం చేసేవాళ్ళకి ఒక ముఖ్యమైన సంగతి. ఈ మధ్య విమానాశ్రయాల్లో చేతి సామానుకి కొత్త రకం సీటీ స్కానర్లు వస్తున్నాయి, అవి ఫిల్మ్‌ని మసకబార్చేస్తాయి. రోళ్ళన్నీ పారదర్శకమైన సంచీలో వేసుకుని, చేత్తో చూడమని మర్యాదగా అడగండి. ముందే కాస్త టైము పెట్టుకుని వెళ్ళండి. చెక్‌ఇన్ సామాన్లో మాత్రం ఎప్పుడూ పెట్టకండి, అక్కడి యంత్రాలు ఇంకా బలమైనవి.

కనుమనాడు పొద్దున్న, పదిగంటల వెలుగు వాకిట్లోకి దిగాక అందర్నీ తూర్పు వసారాలో చేర్చాం. ఈసారి ఇరవై ఆరుగురు. 400 ఫిల్మ్, ఎఫ్ 8, అరవయ్యో వంతు. అంచుల్లో మొహాలు సాగుతాయని తెలుసు కాబట్టి, బొద్దుగా ఉన్న మావయ్యల్ని మధ్యకి లాగి, వెదురుకర్రల్లా ఉన్న కాలేజీ పిల్లల్ని చివర్లో పెట్టాను. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. కెమెరా పైకెత్తి గానీ కిందకి వంచి గానీ పట్టుకుంటే వైడ్ లెన్సులో స్తంభాలు తాగినవాడిలా వాలిపోతాయి. అందుకని ఛాతీ ఎత్తున, నిటారుగా ఉండేట్టు మోకాళ్ళు వంచి నుంచున్నాను. మామ్మని మధ్యలో కూర్చోబెట్టాను. తాతయ్య పడక కుర్చీలో కూర్చోమంటే కూర్చోలేదు. "అది అక్కడే ఉండనీ" అంది. అది ఎడమవైపు గుమ్మం పక్కన, ఎప్పుడూ ఉండే చోటే ఖాళీగా ఉంది.

మూడు ఫొటోలు తీశాను. అప్పుడు మామ్మ "మరి నువ్వో?" అంది.

పక్కింటి కుర్రాడు పదో తరగతి. వాడిని పిలిచి కెమెరా చేతికిచ్చాను. ఫోకస్ ముందే పెట్టి ఉంది, ఎపర్చర్ పెట్టి ఉంది, మీట నొక్కితే చాలు. వైడ్ లెన్సు వల్ల ఉన్న అసలు సుఖం ఇదే, ఎవరి చేతికైనా ఇవ్వొచ్చు. "పైన ఉన్న బుల్లి కిటికీలోంచి చూడరా, కింద దాంట్లోంచి కాదు" అని రెండుసార్లు చెప్పాను. తల ఊపాడు. నేను వెళ్ళి నుంచోగానే కింది కిటికీలోంచి చూశాడు. అందులో ఉన్నది 35 గీత. అందరూ పట్టడం లేదని వాడంతట వాడే పక్కకి జరిగి, మూలకి వెళ్ళి, స్తంభం పక్కనించి నొక్కేశాడు. ఫిల్మ్ అక్కడితో అయిపోయింది.

కడిగించి చూస్తే నా మూడూ బాగా వచ్చాయి. స్తంభాలు నిటారుగా ఉన్నాయి, పెంకుల అంచు తిన్నగా ఉంది, మామ్మ నుదుటి ముడతలు కూడా లెక్కపెట్టొచ్చు, కుర్చీ స్పష్టంగా ఉంది. నాలుగోదానిలో ఎడమ అంచున స్తంభం నల్లటి చారలాగా వచ్చి కుర్చీని సగం మింగేసింది. మనుషులు ఓ పక్కకి ఒరిగినట్టున్నారు. వెనక వరసలో నేను కళ్ళు సగం మూసుకుని ఉన్నాను.

నాలుగూ స్కాన్ చేసి పంపి, పెద్ద ప్రింటు దేనికి వేయించాలో చెప్పమన్నాను. మామ్మ నాలుగోదే వేయించమంది. "మామ్మా, అందులో తాతయ్య కుర్చీ సరిగా రాలేదే" అంటే, "కుర్చీ ఎక్కడికి పోతుందిరా, బాబాయితో కాకినాడ తెచ్చేసుకుంటున్నాంగా. వెళ్ళిపోయేది నువ్వు కదా" అంది.

ఆ ఏడాది వేసవిలో ఇల్లు పడగొట్టారు. ప్రింట్లు ఏడు కుటుంబాలకీ వేయించి పంపాను. మామ్మది మంచం పక్కన గోడకి ఉంది. రోజూ ఎడమనుంచి కుడికి వేలితో లెక్కపెట్టుకుంటుందట, ఇరవై ఏడు వచ్చేదాకా.

ఇందాక ప్రోగ్రాం మొదలయ్యే ముందు ఒకాయన ఫోన్ చేసి, తన దగ్గరున్న యాషికా ఎలక్ట్రో 35కి వైడ్ లెన్సు ఏది పెట్టొచ్చని అడిగారటండీ. దాని 45 లెన్సు కెమెరాలో భాగం, ఊడదు. పేరులో ఉన్న 35 ఫిల్మ్ సైజు, లెన్సు సంఖ్య కాదు. కానీ మంచి కెమెరా, పారేయకండి. పన్నెండడుగుల దూరంలో తొమ్మిదిన్నర అడుగులు పడుతుంది, దాన్నిబట్టి మనుషుల్ని పిలుచుకోండి. వచ్చే శనివారం లైబ్రరీ హాల్లో పిల్లల తెలుగు క్లాసు అయ్యాక నేను అక్కడే ఉంటాను. అటక మీద పాత కెమెరాలున్నవాళ్ళు తీసుకురండి, అది ఏమిటో, దేనికి పనికొస్తుందో కలిసి చూద్దాం. బాటరీ తీసేసి తెండి, కారి ఉంటుంది. మూత మాత్రం నేనే తీస్తాను.

సెలవు. నమస్కారం.